కదలని కారును పరీక్షించు విధము

(తిరుత్తణిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భాషను గూర్చియో మన పూర్వులను గూర్చియో చెప్పుదునని పలువురు తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సభలోనే కలరు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. కనుక మన ఇండ్లలో తరచుగా ఎదురగు ఒక చిక్కును గూర్చి మాత్రమే మాట్లాడెదను. తాళపుచెవి త్రిప్పినను కారు స్టార్టు కాకున్నచో ఏమి చేయవలెను?

ఇది చిన్న విషయమని తోచవచ్చును. అర్ధరాత్రివేళ నొప్పులు పడుచున్న ఆడబిడ్డను తిరువళ్ళూరు ఆసుపత్రికి కొనిపోవలసి వచ్చినప్పుడు ఇది చిన్న విషయము కాదు. డబ్బు సంగతియు కలదు. కారు కదలకున్నచో "బ్యాటరీ పోయినది" అని ఎవరో అందురు. మనము వేల రూపాయలు పోసి క్రొత్తది తెత్తుము. మా అంగడి వ్యానుకు ఒక వర్క్‌షాపువారు ఒకే సంవత్సరములో రెండు బ్యాటరీలు మార్చిరి. తుదకు దొరికిన దోషమేమనగా, ఇంజనుకును బాడీకిని నడుమనుండు ఎర్తు పట్టీ త్రుప్పు పట్టుట! క్రొత్త బ్యాటరీ తన బలముచేత ఆ లోపమును కొన్నాళ్ళు కప్పిపుచ్చినది, అంతే.

చిట్టాకును ఆవర్జాకును లెక్క కుదరనప్పుడు పుస్తకములన్నియు తిరిగి వ్రాయువాడు వర్తకుడు కాడు. ఏ పుటవరకు సరిపోయినది, ఎక్కడ తప్పినది అని వెదకును. కారులోని కరెంటు లెక్కయు అట్టిదే.

ముందుగా కరెంటు దారిని మనస్సున నిలుపుకొనవలెను. బ్యాటరీనుండి బయలుదేరిన కరెంటు లావైన తీగ గుండా స్టార్టరు మోటారునకు పోయి, దానిని త్రిప్పి, ఇంజను లోహము గుండాను ఎర్తు పట్టీ గుండాను మరల బ్యాటరీకి చేరును. పోవు దారి ఎంత ముఖ్యమో, వచ్చు దారియు అంత ముఖ్యము. తాళపుచెవి చేయునది, ఆ దారిని తెరువుమని సన్నని తీగ గుండా ఆజ్ఞ పంపుట మాత్రమే. ఇంటి ఫ్యానుకు అర ఆంపియరు కూడ పట్టదు. స్టార్టరు తిరుగునప్పుడో, నూరు ఆంపియర్లకు పైగా ప్రవహించును. అందుచేతనే అతుకులయొద్ద కొంచెము పొడి పేరినను, ఒక మర వదులైనను దీపములు వెలుగును గాని ఇంజను తిరుగదు.

మొదటి పరీక్ష చెవితో చేయునది. తాళపుచెవి త్రిప్పగా టకటకమని వరుసగా చప్పుడు వచ్చినచో, బ్యాటరీ దిగిపోయినదనియో, తీగల అతుకు చెడినదనియో ఎక్కువగా తలపవచ్చును. టక్కుమని ఒక్కమారే గట్టిగా మ్రోగి ఊరకున్నచో, స్టార్టరునో, దానిపైనుండు సొలినాయిడునో, అచ్చటి అతుకులనో అనుమానింపవలెను. ఏ చప్పుడును లేకున్నచో, ఆజ్ఞయే చేరుట లేదేమో చూడవలెను. గేరు న్యూట్రలులో నున్నదా? క్లచ్చి నొక్కిననే గాని స్టార్టు కాని కార్లు నేడు చాల కలవు. అటుపిమ్మట ఫ్యూజును, రిలేను చూడవలెను.

రెండవది కంటితో చేయునది. ముందరి పెద్ద దీపములు వెలిగించి తాళపుచెవి త్రిప్పుడు. దీపములు ఆరిపోవునట్లు మసకబారినచో దోషము బ్యాటరీవైపున గాని, దాని అతుకులయందు గాని యుండుట మెండు. దీపములు చెక్కుచెదరక వెలుగుచు, ఇంజను మూగగా నున్నచో, బ్యాటరీ కొనుటకు పరుగెత్తకుడు; దోషము వేరొక చోట నున్నది.

మూడవది చేతితో చేయునది. బ్యాటరీ కొమ్ములపై తెల్లగానో పచ్చగానో పొడి పేరినదా? బిగింపు చేతితో కదలుచున్నదా? ముందు మైనసు తీగను, తరువాత ప్లస్సు తీగను విప్పవలెను. వేడినీటిలో వంటసోడా కలిపి, ఆ నీరు బ్యాటరీ లోనికి పోకుండ కడిగి, తుడిచి, గరుకు కాగితముతో మెరయునట్లు రుద్దవలెను. బిగించునప్పుడు ప్లస్సు ముందు, మైనసు తుదకు. కాసు ఖర్చు లేని ఈ పనితోనే కదలిన కార్లు ఎన్నియో కలవు.

నాలుగవ పరీక్షకు మల్టీమీటరు కావలెను. దాని వెల క్రొత్త బ్యాటరీ వెలలో చిన్న భాగము. కొన్ని గంటలు ఊరకున్న కారు బ్యాటరీ నిండియున్నచో సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 అన్నచో సగము. 12కు దిగువనైనచో ఖాళీ అయినట్లే. స్టార్టరు త్రిప్పునప్పుడు 9.6కు దిగువకు పడినచో బ్యాటరీ బలహీనము కావచ్చును. పిమ్మట మీటరు ఒక కొసను బ్యాటరీ మైనసు కొమ్ముకును, రెండవదానిని ఇంజను లోహమునకును ఆనించి స్టార్టరు త్రిప్పింపుడు. అర వోల్టుకు మించి చూపినచో వచ్చు దారిలో అడ్డు కలదు. మా వ్యాను దోషము ఇట్లే బయటపడినది. ఇంజను నడచునప్పుడు బ్యాటరీయొద్ద సుమారు 13.5 మొదలు 14.5 వరకు చూపవలెను. లేనిచో ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుట లేదు. ఎన్ని బ్యాటరీలు మార్చినను ఫలము సున్న.

ఇంజను చక్కగా తిరుగుచున్నను అంటుకొననిచో, బ్యాటరీని నిందింపరాదు. పెట్రోలు చేరుచున్నదా, నిప్పురవ్వ పుట్టుచున్నదా యని చూడవలెను. తాళపుచెవి బొమ్మగల దీపము మినుకుమినుకుమనుచున్నచో రెండవ తాళపుచెవితో ప్రయత్నింపుడు. మొదటిదానిని కారు గుర్తింపకుండవచ్చును.

ఇక ప్రాణములకు సంబంధించిన జాగ్రత్తలు. బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును. దానియొద్ద బీడీయు, అగ్గిపుల్లయు కూడదు. కాలిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టుట కారునకు నిప్పుపెట్టుకొనుటయే. వేరొక కారు బ్యాటరీనుండి కరెంటు తీసుకొనునప్పుడు ప్లస్సునకు ప్లస్సు కలిపి, నల్లతీగ ఒక కొసను మంచి బ్యాటరీ మైనసునకును, చివరి కొసను కదలని కారు ఇంజను లోహమునకు, బ్యాటరీకి దూరముగా, తగిలింపవలెను. మన తిరుత్తణి కొండపై ఆడికృత్తికనాడు కారు ఆగినచో, వాలులో దొర్లించి స్టార్టు చేయుదమని ఎన్నడును తలపకుడు. ఇంజను నడువనిచో బ్రేకు గట్టిపడును, స్టీరింగు బరువెక్కును, క్రింద జనసమూహము!

సోదరులారా, ఈ విద్య మనకు దూరపుది కాదు. 1961లో స్థాపితమైన లూకాస్ టీవీయస్ వారు పాడిలో స్టార్టరు మోటార్లు తయారుచేసిరి. తిరువళ్ళూరు చెంతనే 1998లో హిందుస్థాన్ మోటార్సువారు లాన్సరు కార్లు కూర్చనారంభించిరి. మన బాటనే రేణిగుంట దాటి పోయినచో, కరకంబాడిలో అమరరాజావారి బ్యాటరీల కర్మాగారము కలదు. ఇన్నిటి నడుమ నివసించుచు, మన పిల్లలు బ్యాటరీ కొమ్ము తుడుచుట ఎరుగకుండుట తగునా?

కనుక నా మనవి రెండు మాటలు. ఒకటి, మన సంఘము ఒక మల్టీమీటరును, ఒక జత జంపరు తీగలను కొని, సభ్యులెవరికి అవసరమైనను ఇచ్చునట్లు ఏర్పాటు చేయవలెను. రెండు, మీ కుమారులకే గాక కుమార్తెలకును ఈ నాలుగు పరీక్షలు ఇంటి ముంగిటనే, మన తెలుగు మాటలతోనే నేర్పుడు. మెకానిక్కును నమ్మవలదని నేననుట లేదు. "ఎన్ని వోల్టులు చూపినది?" అని అడుగుట నేర్చుకొనుడని మాత్రమే అనుచున్నాను. ఆ ప్రశ్న వినిన మంచి మెకానిక్కు సంతోషించును, తక్కినవాడు జాగ్రత్తపడును.