మరలివచ్చిన సైనికుడు
(పఠనాలయసభలో చేసిన ప్రసంగపాఠము)



దండయాత్రకు వెడలిన సైనికుని గూర్చి మనకు కావ్యములు గలవు. రణమున కూలిన సైనికుని గూర్చి ఊరూర వీరగల్లులు గలవు. కాని క్షేమముగ మరలివచ్చి, పెట్టె దించి, గడపయొద్ద నిలుచున్న సైనికుని గూర్చి మనము తలపోయుట యరుదు. వచ్చినాడు గదా, ఇక నేమి కావలెనని యనుకొందుము. సంవత్సరకాలము సముద్రముల కావల కొలువుచేసి వచ్చినవానికి ఇంటివారును ఊరివారును చేయవలసిన దేమి? పూలదండతో ఋణము తీరునా? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచ దలచితిమి.

మొదట అతడెందుకు పోయెనో తెలిసికొందము. 1914 సెప్టెంబరులో మన సేనలు ఫ్రాన్సుదేశపు మార్సేల్సు రేవున దిగినవి. ఎరుగని చలిలో, బురద నిండిన కందకములలో సంవత్సరమునకు పైగా నిలిచిన ఆ పదాతిదళములు 1915 చివర ఫ్రాన్సును వీడినవి. ఇంటికా? కాదు, మెసొపొటేమియా రణభూమికి! ఆ మహాయుద్ధమున సముద్రము దాటిన భారతీయులు 10 లక్షలకు పైబడిరి. మరలిరానివారు 60 వేలకు మించిరి. వారు వ్రాసిన జాబులను సైతము అధికారులు విప్పి చదివిరి. ఎవరి సామ్రాజ్యమును నిలుపుటకు వారు పోయిరో, ఆ సామ్రాజ్యము 1919లో అమృతసరమున వారి బిడ్డలకు, సోదరులకు ఇచ్చిన బహుమానమెట్టిదో మీకు చెప్పనక్కరలేదు.

స్వతంత్రభారతము తన సైనికుని పరదేశమునకు పంపినతీరు వేరు. 1950లో కొరియాకు పోయినది లెఫ్టినెంట్ కర్నల్ ఏ. జి. రంగరాజ్ నాయకత్వమున నడచిన 60వ పారాచ్యూట్ ఫీల్డ్ ఆంబులెన్సు, అనగా గాయములు కట్టు దళము. 1956 మొదలు 1967 వరకు గాజా, సైనాయి సరిహద్దులలో మన పటాలములు వంతులవారీగ కావలి కాచినవి. కాంగోదేశమున 1961 డిసెంబరు 5వ తేదీన ప్రాణమిచ్చిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు పరమవీరచక్రము లభించినది. 2007లో లైబీరియాకు కేంద్ర రిజర్వు పోలీసు దళమునుండి కేవలము స్త్రీలతో కూడిన దళము వెళ్లి ప్రపంచమునకు క్రొత్తదారి చూపినది. ఐక్యరాజ్యసమితి శాంతిరక్షణకై ఇంతవరకు వెళ్లిన భారతీయులు 2 లక్షల 90 వేలకు పైబడిరి. వారిలో దాదాపు 180 మంది ప్రాణములర్పించిరి.

ఈ నీలిటోపి కొలువు సులభమైనదని తలపవలదు. యుద్ధమున సైనికునకు శత్రువు కనబడును. ఇచట ఇరుపక్షములును శత్రువులు కారు. ఆత్మరక్షణకును, తన్నాశ్రయించిన జనుల రక్షణకును తప్ప తుపాకి పేల్చరాదు. చేత ఆయుధముండియు చేయి నిగ్రహించుకొనుట ఆయుధమెత్తుటకన్న కష్టము. దక్షిణ సూడానుదేశమును చూడుడు. 2011లో స్వతంత్రమైన ఆ రాజ్యమున 2013 డిసెంబరులో అంతర్యుద్ధము రగిలినది. వేలకొలది జనులు ఐక్యరాజ్యసమితి స్థావరములలో తలదాచుకొనిరి. ఆకోబో అను చోట సాయుధులు స్థావరముపై బడగా శరణుజొచ్చినవారితోపాటు మన సైనికు లిరువురు కూలిరి. అదే సంవత్సరము ఏప్రిలులో ఐక్యరాజ్యసమితి వాహనబృందమునకు తోడుపోవుచున్న మనవా రైదుగురు పొంచియున్నవారి తూటాలకు బలియైరి. అట్టి నేల నుండి యొకడు సంవత్సరము నిండి ఇల్లు చేరెననుకొనుడు. ఎందరను చంపితివని ఊరివారడిగిన, అతడేమని చెప్పును? ఎందరను చంపక నిలిచెనో అదియే అతని కథ. ఆ కథ నడుగువారు లేక అతడు మౌనము దాల్చును. మనము దానిని గర్వమనుకొందుము.

ఇక నతని మనస్సులోని శంకను గూర్చి చెప్పెదము. రామాయణమున పదునాలుగేండ్లు గడచి అయోధ్యకు మరలుచు శ్రీరాముడు నేరుగ నగరమున ప్రవేశింపలేదు. ముందుగ హనుమంతుని నందిగ్రామమునకు పంపి, తన రాక వినినంతనే భరతుని ముఖమెట్లుండునో కనిపెట్టి రమ్మనెను. రామునంతటివానికే, భరతునంతటి సోదరుని విషయమున, ఆ శంక కలిగెను! సంపన్నమైన రాజ్యము చేతజిక్కిన నెవని మనస్సు మారదని ఆయన తలపోసెను. అట్లయిన ఒక సామాన్యజవాను రైలు దిగునప్పుడు తన గట్టు కదలలేదు గదా, తన వాటా చెదరలేదు గదా, తన బిడ్డ తన్ను గుర్తించును గదా యని భయపడుట దోషమా?

భరతుడేమి చేసెను? కన్నీరు కార్చి కౌగిలించి ఊరకుండలేదు. పాదుకలను తెచ్చి అన్నకు తొడిగి, న్యాసముగ నుంచుకొన్న రాజ్యము నప్పగించి, బొక్కసమును, ధాన్యాగారమును, సైన్యమును పదింతలు చేసితినని లెక్క చెప్పెను. స్వాగతమన నిది. పరోక్షమున ఉన్నవాని సొత్తు న్యాసము. వచ్చిననాడు దాని నప్పగించుటయే నిజమైన హారతి. మన పల్లెలలో నిట్లే జరుగుచున్నదా? మీ యంతరాత్మలనే అడుగుడు. దూరమున నున్నవాని గట్టును జానెడు జరుపుట, వాటా పంపకములలో నతని మాట దాటవేయుట, అతని భార్యను ఒంటరిదని బెదరించుట, ఇవి మనమెరుగని వింతలా?

చట్టము ఈ విషయమున మనకన్న ముందే మేల్కొన్నది. 1925వ సంవత్సరపు భారతసైనికుల వ్యాజ్యముల చట్టము ఒకటి గలదు. ప్రతివాది యుద్ధమునందో విదేశమునందో కొలువున నున్నాడని యెరిగి దావా వేయువాడు, ఆ సంగతిని దావాలోనే తెలుపవలెను. తగిన ధ్రువపత్రము వచ్చినచో కోర్టు విచారణను వాయిదా వేయవలెను. అతడు లేని సమయమున ఏకపక్షముగ నిచ్చిన డిక్రీని రద్దుపరచుమని కోరుటకు దారి గలదు. అతడు వేయదలచిన దావా విషయమున, ఆ కొలువుకాలము కాలపరిమితి లెక్కలో చేరదు. కొన్ని మినహాయింపులు లేకపోలేదు. కాని ఈ చట్టమొకటున్నదని యెరిగిన కుటుంబములెన్ని? జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము లున్నవని యెరిగినవారెందరు? అజ్ఞానమే ఆక్రమించువానికి ఆయుధము.

వచ్చిన సైనికునితోడను ఒకమాట చెప్పవలసియున్నది. నీవు లేని సంవత్సరము నీ భార్య బ్యాంకు కాగితములు చూచినది, బిడ్డల బడి రుసుము కట్టినది, నీటివంతుకై కాలువగట్టున వాదించినది. ఆమెయే నీ యింటి భరతుడు. మరునాటి యుదయముననే తాళపుచెవులు లాగికొని ఇక నీకేల యనుట ధర్మముగాదు. పట్టాభిషిక్తుడైన రాముడు భరతుని ప్రక్కకు నెట్టలేదు, యౌవరాజ్యమున నిలిపెను. ఆ పుటనుగూడ చదువుము.

శరీరమునుగూర్చియు నొక హెచ్చరిక. ఆఫ్రికానుండి వచ్చినవానికి మలేరియా జ్వరము వచ్చిన కొన్ని వారములకును, ఒక్కొకప్పుడు నెలలకును బయటపడవచ్చును. దానిని మామూలు పడిసెపుజ్వరమని ఉపేక్షింపరాదు. ఏ దేశమునుండి వచ్చినది వైద్యునకు మొదటనే చెప్పవలెను. నిదుర పట్టకుండుట, చిన్న సవ్వడికి ఉలికిపడుట, ఊరక కోపము వచ్చుట గలిగినచో అది పిరికితనము కాదు, దయ్యము కాదు. దానికిని వైద్యము గలదు. సైనికుడని సిగ్గుపడి దాచుకొనుట కూడదు.

ఆంధ్రదేశమునకు ఈ మాటలు పరాయివి కావు. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుచుచున్నారు. మొదటి ప్రపంచయుద్ధమునాటినుండి అచటి యిండ్లు తరతరములుగ సైనికుల నిచ్చుచున్నవి. వీడ్కోలును, ఎదురుచూపును, పునరాగమనమును ఎరిగిన యిండ్లవి. మన యూళ్లన్నియు ఆ విద్య నేర్చికొనవలెను.

కావున మీకు మా విన్నపములు మూడు. ఈ పఠనాలయమున ఆ 1925 చట్టపు ప్రతి నొకదానిని తెలుగు వివరణతో నుంచుడు. ఊరి సైనికుడు సెలవున వచ్చినప్పుడు, అతడిష్టపడినచో, గోడపై దేశపటము వ్రేలాడదీసి అతడు చూచిన దేశమును చూపుమనుడు. అతడు మాటలాడునంతసేపు మనము వినుటయే నేర్చికొందము. అతడు దూరమున నున్నంతకాలము, అతని గట్టును కాచు బాధ్యతను ఊరిపెద్దలు నలుగురు పేరుపేరున వహింపుడు. దేశముకొరకు సంవత్సర మిచ్చినవాడు గట్టుకొరకు కోర్టులచుట్టు మరియొక సంవత్సరము తిరుగకుండునట్లు చూచుట మన చేతిలోని పని. ఆ పని చేసి, పిమ్మట పూలదండ వేయుదము.