గోడ అలికిన చెయ్యి



అరకులో కూర్చుని పారిస్ బొమ్మల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ నిన్న సాయంత్రం మనం ఇక్కడి గిరిజన మ్యూజియం చూసినప్పటి నుంచి ఆ బొమ్మ నన్ను వదలడం లేదు.

కొన్నేళ్ల క్రితం పారిస్‌లోని ఒర్సే మ్యూజియంలో ఇంప్రెషనిస్టుల చిత్రాలు చూశాను. నీడకి కూడా రంగుంటుందని మోనే బొమ్మల ముందు నిలబడ్డాకే నాకు తెలిసింది. మురిసిపోయాను, దాచడమెందుకు! అయితే నేను ఆగిపోయింది బెర్త్ మొరిసో 1872లో వేసిన 'ఊయల' దగ్గర. పల్చటి తెర వెనక నిద్రపోతున్న పసిపాప, పక్కన చెంపకి చెయ్యి ఆనించుకుని చూస్తున్న తల్లి. ఆ తల్లి మొరిసో అక్క ఎద్మా. ఆవిడా చిత్రకారిణే. 1869లో పెళ్లయ్యాక కుంచె పక్కన పెట్టేసింది. ఆ చూపులో ఉన్నది వాత్సల్యం ఒక్కటేనని నేననుకోను. ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింటిలో బొమ్మలు పెట్టిన మొరిసో 1895లో చనిపోతే, మరణ పత్రంలో వృత్తి లేదని రాశారు. మన జనాభా లెక్కల్లో కూడా ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ 'పని చేయనివారి' కిందకే వస్తుంది కదా.

నిన్న మనతో వచ్చిన ఒకావిడ థింసా ఆడుతున్న బొమ్మల్ని పెద్దగా పట్టించుకోలేదు. ఎర్రమట్టి గోడ దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించింది. "ఎవలు అలికేరక్కా? బాగా అలికింది" అంది. సామాజిక శాస్త్రంలో డాక్టరేట్ ఉన్న నాకు ఆ ప్రశ్నే రాలేదు. మ్యూజియంలలో సాధారణంగా తెగ పేరు రాస్తారు, చేసిన మనిషి పేరు రాయరు. అది మనకి ఎంత అలవాటైపోయిందంటే వెతకడం కూడా మానేశాం. ఆవిడ మట్టిలో వేళ్ల జాడలు చూపించి, అలికినామెది ఎడమచేతి వాటం అని చెప్పింది. మొరిసో కుంచె గీతల్ని దగ్గరగా వంగి నేను చూసిందీ అలాగే. నన్ను కళాభిమాని అంటారు. ఆవిడని ఏమంటారు?

బయటికొచ్చాక సంచిలోంచి అటవీభూమి పట్టా తీసి, తన పేరుందేమో చూడమంది. భర్త పేరే ఉంది. పెళ్లయినవాళ్లకి ఇద్దరి పేరా హక్కు నమోదు చేయాలని 2006 అటవీ హక్కుల చట్టం స్పష్టంగా చెబుతోంది. "ఇప్పుడు రాయించొచ్చా?" అని అడిగింది. రాయించాలి అన్నాను. భోజనాలయ్యాక ఎవరూ వెళ్లిపోకండి. పట్టాలు తెచ్చుకున్నవాళ్లవి ఒక్కొక్కటే చదువుదాం, ముందు ఆవిడ దరఖాస్తు రాద్దాం.