సముద్రపుటొడ్డున ఒక పూట భోజనము

థాయిలాండు రాజధానియగు బాంకాకునకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, సముద్రపుటొడ్డున హువాహిన్ అను పట్టణము కలదు. ఆ మాటకు ‘రాతి తల’ అని అర్థము. తీరమున నీటిలోనికి చొచ్చుకొనిపోయిన బండలను చూచినవారికి ఆ పేరెట్లు వచ్చెనో వేరుగా చెప్పనక్కరలేదు. ఒకప్పుడిది జాలరుల పల్లె. రైలుమార్గము పడిన పిమ్మట రాజకుటుంబమువారికి వేసవి విడిదియైనది. ప్రజాధిపోక్ మహారాజు ఇచట కట్టించుకొనిన సౌధము పేరు క్లై కంగ్వన్, అనగా ‘చింతలకు దూరము’. అయినను, 1932 జూన్ 24న బాంకాకులో విప్లవము జరిగి రాజుల నిరంకుశాధికారము ముగిసినదను వార్త ఆయనకు హువాహిన్‌లో ఉండగనే చేరినది. చింతలు సముద్రమును చూచి వెనుదిరిగి పోవునవి కావు.

మా వెంట వచ్చిన చింత అంతటిది కాదు గాని, మాకది పెద్దదే. మాతో మా తల్లిగారు వచ్చిరి. వారికి డెబ్బది యేండ్లు దాటినవి. చేప, మాంసము, గ్రుడ్డు ఎరుగరు. చేరిన మొదటినాడే ఒక భోజనశాలలో “మాంసము లేకుండ” అని ఆంగ్లమున అడిగి తెప్పించిన సేవియలలో, సగము తిన్న తరువాత, వారికి చిన్న ఎండురొయ్య కనబడినది. వారు పళ్ళెమును పక్కకు జరిపి చేయి కడుగుకొనిరి. ఒక్క మాట అనలేదు. తరువాతి రెండు దినములు అరటిపండ్లతో, పాలతో గడపిరి. అడిగినపుడెల్ల “నాకు ఆకలి లేదు, మీరు తినండి నాయనా” అనుచుండిరి. తల్లిని పస్తుంచి తిను అన్నము ఎవరికి సహించును?

ఆ భోజనశాలవారిని నిందించుటకు వీలులేదు. మనకు ఉప్పు ఎట్టిదో వారికి చేపల రసము అట్టిది. చిన్న చేపలను ఉప్పులో వేసి నెలల తరబడి మాగబెట్టగా ఊరిన రసమునకు నామ్ ప్లా అని పేరు. కూరలో, పులుసులో, పచ్చడిలో అది పడవలసినదే. దానిని మాంసమని అనుకొనువారు అచట అరుదు. మనము “మాంసము వద్దు” అన్నచో వారు మాంసము వేయరు. వారి మాట వారు నిలుపుకొన్నట్లే. లోపము మేమడిగిన తీరులోనిది.

మూడవనాటి మధ్యాహ్నము రేవు సమీపమున ఒక చిన్న పూటకూళ్ళ యింటి ముందు మా తల్లిగారు ఆగిపోయిరి. రేకుల పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, బల్లమీద నాలుగు గిన్నెలుంచిన పళ్ళెరము. ఆ గిన్నెలలో ఎండుమిరప పొడి, మిరపముక్కలు వేసిన పుల్లనీరు, మిరపముక్కలు వేసిన చేపల రసము, పంచదార ఉండును. ఎవరి రుచికి తగినట్లు వారు కలుపుకొందురు. వారిని ఆపినది ఇవేవియు కావు, లోపలినుండి వినవచ్చిన దంపుడు చప్పుడు. ఒక నడివయసు ఇల్లాలు మట్టి రోటిలో కర్ర రోకటితో పచ్చి బొప్పాయి కోరును దంచుచుండెను. వెల్లుల్లి, పచ్చిమిరప, అలసందకాయ, తాటిబెల్లము, నిమ్మరసము, వేరుసెనగపప్పు అందులో చేరును. దానిని సోమ్ తమ్ అందురు. “ఇది మన రోటిపచ్చడే కదా!” అనిరి మా తల్లిగారు.

ప్రక్క బల్లవద్దనున్న యువకునికి ఆంగ్లము వచ్చును. మా ఇబ్బంది విని అతడు నవ్వి రెండు మాటలు నేర్పెను. మొదటిది మంగ్సవిరత్. విన్నంతనే మా తల్లిగారు “మాంసవిరతి!” అనిరి. అది ఆ మాటయే. ఆహారమును వారు ఆహాన్ అందురు. వారి లిపిలో మాత్రము చివర రకారమునే వ్రాయుదురు. భోజనము చేయుటకు వారి వాడుక మాట కిన్ ఖావ్, అనగా అన్నము తినుట. ఇంటికి వచ్చినవారిని “అన్నము తింటిరా?” అని పలుకరించుట మనకువలెనే వారికిని పరిపాటి.

అయితే మంగ్సవిరత్ అన్నంత మాత్రమున చేపల రసము తప్పునను నమ్మకము లేదట. దానికి రెండవ మాట కావలెను: జే. చీనా సంప్రదాయమునుండి వచ్చిన ఈ నియమము ప్రకారము మాంసము, చేప, గ్రుడ్డు, పాలు, తుదకు ఉల్లి వెల్లుల్లులు కూడ పనికిరావు. చీనా పంచాంగపు తొమ్మిదవ నెలలో తొమ్మిది దినములు ఎందరో ఈ వ్రతము పట్టుదురు. తరచు అవి మన శరన్నవరాత్రులతో కలిసివచ్చును. ఆ దినములలో అంగళ్ళముందు ఎర్రని అక్షరములుగల పసుపుపచ్చ జెండాలు కట్టుదురు.

“జే” అను మాట చెవిని పడగనే ఆ ఇల్లాలు తల పంకించి, మాట్లాడక, దంచుచున్న రోటిని ప్రక్కకు నెట్టెను. లోపలినుండి వేరొక రోటిని తెచ్చి రెండుమార్లు నీటితో కడిగెను. చేపల రసము, ఎండురొయ్యలు, వెల్లుల్లి మాని ఉప్పుతో దంచెను. బాండిలిని తోమి తూటికూరను సోయా రసముతో వేయించెను. ఇతరులకు వడ్డింపవలసినది అంతసేపు ఆగినది, ఎవరును విసుగుకొనలేదు.

థాయివారు సాధారణముగా కుడిచేత చెంచా, ఎడమచేత ముల్లుచెంచా పట్టి తిందురు. ప్రక్క బల్లవారు మాత్రము వెదురుబుట్టలోని జిగట అన్నమును చేతితో ముద్దచేసి పచ్చడిలో అద్దుకొనుచుండిరి. అది చూచి మా తల్లిగారు చెంచాను ప్రక్కనబెట్టి, చేయి కడుగుకొని వచ్చి, మూడు దినముల తరువాత కడుపార భుజించిరి.

పరదేశమునకు వెళ్ళునపుడు మనము ధనము, దుస్తులు, మందులు సర్దుకొందుము. మన నియమము నిలువవలెనన్నచో, ఎదుటివారి ఉప్పు ఎట్టిదో తెలిసికొని, వారికి అర్థమగు మాటలో దానిని చెప్పవలెను. చెప్పినచో మన్నించువారు అన్నిచోట్ల ఉందురు. మా తల్లిగారు ఆ ఇల్లాలి చేత “జే” అను మాటను కాగితముపై వ్రాయించుకొని కళ్ళజోడు పెట్టెలో దాచుకొనిరి. తిరిగి వచ్చి చాలకాలమైనను ఆ కాగితము అందులోనే ఉన్నది.