యంత్రముపై కట్టిన పన్ను: తిరిగి పొందు మార్గము



మన అనంతపురము సీమలో సాలుకు కురియు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే. సేద్యము నొక్కదానినే నమ్ముకొనజాలక, వేరుసెనగ గానుగయో, కాయలొలుచు యంత్రమో పెట్టుకొని బ్రతుకువారు మనలో పెక్కురు కలరు. నేనును అట్టివాడనే. నాకు కలిగిన నష్టమును ముందు జెప్పి, అది మీకు కలుగకుండుటకు ఏమి చేయవలెనో పిమ్మట మనవి చేసెదను.

2022 జూన్ నెలలో విద్యుత్తుతో నడుచు గానుగ నొకదానిని 2,00,000 రూపాయలకు కొంటిని. దానిపై 18 శాతము చొప్పున పన్ను 36,000 రూపాయలు. అంగడివారు బిల్లులో నా పేరు వ్రాసిరి గాని నా జి.ఎస్.టి. సంఖ్యను వ్రాయలేదు, నేనును అడుగలేదు. బిల్లును పెట్టెలో బెట్టి నిశ్చింతగా నుంటిని. 2023లో వానలు తప్పెను. గానుగకు కాయలు కరువయ్యెను. ఆ డిసెంబరులో లెక్కలెరిగిన మిత్రుడొకడు ఆ కాగితమును జూచి, “ఈ 36,000 రూపాయలు మీకు రావలసినవే, కాని గడువు నిన్నటి నెలతో తీరినది” అనెను. అంగడివారు తప్పు దిద్దుదమనుకొన్నను, వారికిని గడువు అదియే. కరవు సాలులో ఆ సొమ్ము పోవుట యెట్టిదో మీకు వేరుగ జెప్పనక్కరలేదు.

ఈ పన్ను తిరిగి వచ్చుట యెట్లు? మన జిల్లా మదరాసు రాష్ట్రములో నున్నపుడు, 1939లో అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. నాడు సరకు చేతులు మారినకొలది పన్ను పడుచు, పన్నుపై పన్ను చేరెడిది. ఈ దోషమును తొలగించుటకై ఫ్రాన్సు దేశమువారు 1954లో విలువ ఆధారిత పన్నును ప్రవేశపెట్టిరి. ఆంధ్రప్రదేశమున 2005 ఏప్రిల్ 1 నుండి వ్యాట్ అను పేర అట్టి పద్ధతియే నడచెను. 2017 జూలై 1 నుండి దేశమంతట వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. దీని సారమొక్కటే: కొన్నపుడు మీరు చెల్లించిన పన్నును, అమ్మినపుడు మీరు వసూలు చేసిన పన్నులో తీసివేసి, మిగిలినదే సర్కారునకు కట్టవలెను.

ఒక లెక్క చూతము. సాలులో 10,00,000 రూపాయల నూనె అమ్మితిరనుకొనుడు. 5 శాతము చొప్పున మీరు వసూలు చేసిన పన్ను 50,000. యంత్రముపై కట్టిన 36,000 అందులో పోగా, కట్టవలసినది 14,000 మాత్రమే.

అయితే యంత్రముపై వచ్చు ఈ జమ చేతికి రొక్కముగా రాదు. ఇది చెరువు నీటివంటిది. తూము ద్వారా మీ మడికి పారించుకొనవచ్చును గాని, కుండలకెత్తి అమ్ముకొనరాదు. అమ్మకములు తగ్గిన సాలున ఆ జమ మీ ఖాతాలోనే నిలిచి, మరుసటి సాలునకు వచ్చును. కాని అది సకాలమున ఖాతాలో చేరియుండవలెను.

అందులకు పాటింపవలసిన నియమములను వినుడు. మొదటిది, రిజిస్ట్రేషను. మన రాష్ట్రములోనే సరకులమ్ముచు, సాలుకు 40 లక్షల రూపాయలు మించని వారికి ఇది తప్పనిసరి కాదు; కోరి తీసికొనవచ్చును. లేనివారికిని, కాంపోజిషన్ పద్ధతిలో నున్నవారికిని ఈ జమ లేదు. కావున పెద్ద యంత్రము కొనుటకు ముందే లాభనష్టములు బేరీజు వేసికొనుడు.

రెండవది, బిల్లుపై మీ సంఖ్య యుండవలెను. అమ్మినవారు దానిని తమ రిటర్నులో చూపవలెను. చూపిరో లేదో నెలనెలా 14వ తేదీన మీ ఖాతాలో వెలువడు పట్టికలో తెలియును. దానిని చూచుట మరువకుడు. నేను చూడకపోయితిని.

మూడవది, సరకు వెలను బిల్లు తేదీ నుండి 180 దినములలో చెల్లింపవలెను. నాలుగవది, గడువు: ఆర్థిక సంవత్సరము ముగిసిన పిమ్మట వచ్చు నవంబరు 30, లేక వార్షిక రిటర్ను దాఖలు చేసిన దినము, ఏది ముందైన నది. ఐదవది, ఆదాయపు పన్ను లెక్కలో యంత్రపు తరుగుదల చూపునపుడు ఈ పన్ను మొత్తమును వెలలో కలుపరాదు. కలిపినచో జమ రాదు.

మరియొక మాట. అదే గానుగలో వచ్చిన చెక్కను పశువుల దాణాగా అమ్మినచో దానిపై పన్ను లేదు. కావున ఆ అమ్మకమునకు తగిన భాగము జమలో 60 నెలలపాటు కొంచెము కొంచెముగా తగ్గును. దీనిని లెక్కలెరిగినవారిచే సరిచూపించుకొనుడు.

ఇటీవల కాయలొలుచు యంత్రము కొంటిని. ఈ మారు బిల్లు చేతికి రాగానే, వెలకంటె ముందు నా సంఖ్యను చదివితిని. మీ యూరి పిల్లలు యంత్రము కొనబోవునపుడు ఈ యొక్క మాట వారికి జెప్పి పంపుడు. సెలవు.