రొట్టె నిలువయుంచుట

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వారికి జొన్నరొట్టెను పరిచయము చేయనక్కరలేదు. పొద్దున పెనము మీదినుండి దిగినపుడు అది మెత్తగా, మడిచినను విరుగకుండ నుండును. మాపటికి అదే రొట్టె అట్టవలె బిగిసికొని, పండ్లు కదలిన పెద్దవారికి పనికిరాకుండ పోవును. బేకరీలో కొనిన బ్రెడ్డును రెండు మూడు దినములలో పొడిపొడిగా రాలును. పారవేసిన ప్రతి రొట్టెతోను సేద్యగాని కష్టమును, పొయ్యిచెంత కూర్చున్న యిల్లాలి శ్రమయు వ్యర్థమగుచున్నవి. కావున రొట్టె చెడుటకు గల కారణములను, దానిని కాపాడుకొను పద్ధతులను నేడు విచారింతము.

రొట్టెలోని నీరు ఇగిరిపోవుటచేతనే అది గట్టిపడునని మనలో పెక్కురు తలంతుము. ఇది కొంతవరకే నిజము. తడి బయటికి పోకుండ మూసియుంచినను బ్రెడ్డు గట్టిపడుననియు, మరల వేడిచేసిన మెత్తబడుననియు 1852లో బూసెంగో అను ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రయోగములు చేసి చూపెను. అసలు కారణము పిండిలోనే కలదు. పిండిరేణువులు నీటితో కలిసి వేడి సోకినపుడు ఉబ్బి మెత్తబడును. చల్లారినకొలది వానిలోని అణువులు మరల దగ్గరజేరి, వరుసదీరి బిగిసికొనును. చల్లారిన అన్నపు మెతుకు బిరుసెక్కుటకును కారణ మిదియే.

గోధుమపిండిలో సాగెడు జిగురు కలదు, జొన్నపిండిలో లేదు. అందుచేతనే మన స్త్రీలు మరిగిన నీళ్లు పోసి జొన్నపిండిని కలుపుదురు. ఆ వేడికి పిండి కొంత ఉడికి, జిగురువలె పట్టియుంచును. చన్నీళ్లతో కలిపిన పిండి తట్టునపుడే అంచులు పగులును. రొట్టె మెత్తదనము పెనము మీద గాక, పిండి కలుపునపుడే మొదలగుచున్నదన్నమాట.

ఇక నిలువ సంగతి. అణువులు బిగియుట చలిలో త్వరపడును. 4 డిగ్రీల సెంటిగ్రేడు దాపున, అనగా ఇంటి రిఫ్రిజిరేటరులోని చల్లదనమున, రొట్టె బయటికంటె వేగముగా గట్టిపడును. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద మాత్రము ఆ మార్పు దాదాపు నిలిచిపోవును. కావున ఆ పూటో మరుపూటో తినదలచిన రొట్టెను రిఫ్రిజిరేటరులో పెట్టరాదు. దినములకొలది ఉంచదలచినచో, గాలి చొరని సంచిలో చుట్టి, గడ్డకట్టించు అరలో నుంచవలెను.

రెండవ శత్రువు బూజు. దానికి తడియే ప్రాణము. వేడి రొట్టెలను దొంతిగా పేర్చి మూత బిగించినచో, ఆవిరి నీరై దిగి వానిని తడుపును. పూర్తిగా మూయక వదలినచో గాలికి ఎండిపోవును. ఆవిరి పోవువరకు ఆరనిచ్చి, పిమ్మట శుభ్రమైన పొడి నూలుగుడ్డలో చుట్టి, గంపలోనో డబ్బాలోనో ఉంచుట మేలు. బూజు పట్టిన భాగమును గిల్లివేసి తక్కినది తినుట తగదు; కంటికి కానరాని దాని పోగులు లోపలికి పాకియుండును. కొన్ని బూజుల విషము కాల్చినను పోదు. అట్టి రొట్టెను పశువులకును పెట్టరాదు.

చాలదినములు నిలువ యుండవలెనన్న, రొట్టెను పలుచగా తట్టి, సన్నని సెగపై తడి యంతయు పోయి పెళపెళలాడునట్లు కాల్చవలెను. ఉత్తర కర్ణాటకమున ఇట్టి ఎండురొట్టెలు వాడుకలో నున్నవి. తడి లేనిచోట బూజు పెరుగదు. అణువులు కదలి వరుసదీరుటకును వీలుండదు. గాలి చొరని పొడి డబ్బాలో ఉంచి, పప్పుతోనో ఊరుబిండితోనో తినవచ్చును.

బిగిసిన రొట్టెపై నీళ్లు చిలికి, పెనముపై మూతపెట్టి వేడిచేసినచో, దాదాపు 60 డిగ్రీలు దాటునప్పటికి మెత్తబడును. అయితే చల్లారినపుడు మునుపటికంటె బిరుసెక్కును, వెంటనే తినవలెను.

పిండి విషయమునను జాగ్రత్త యవసరము. జొన్న, సజ్జ గింజలలో నూనె కలదు. పిండి యైన పిమ్మట అది గాలి సోకి చేదెక్కును. సజ్జపిండి మరియు త్వరగా చెడును. కావున గింజలను నిలువచేసి, వారమునకో పదిదినములకో సరిపడునంత పిండి మాత్రమే పట్టించుకొనుట మంచిది. ఎంత నేర్పుగా దాచినను, ఇంటిల్లిపాది తినగలిగినన్ని రొట్టెలే కాల్చుకొనుట అన్నిటికంటె మేలైన పద్ధతి.