ఊపిరితిత్తి ముడుచుకొన్నవేళ జీవిత భాగస్వామి బాధ్యత

(కుటుంబ జీవితమును గూర్చిన కూడికలో సంఘకాపరి చేసిన ప్రసంగ పాఠము)



భార్యాభర్తలలో ఒకరికి ఊపిరితిత్తి ముడుచుకొనిపోయినప్పుడు రెండవవారు ఏమి చేయవలెనను విషయమును గూర్చి నేడు మాట్లాడదలచినాము. ఇది వైద్యులు చూచుకొనవలసినది గదా, సంఘములో ఎందుకని కొందరనవచ్చును. సాధారణముగా ఈ రోగి ఆసుపత్రిలో గడుపునది కొద్ది దినములే. తరువాత కోలుకొనవలసిన వారములు, నెలలు ఇంటిలోనే గడచును. ఆ ఇంటిని గూర్చియే మా మాట.

మొదట ఈ జబ్బు ఏమిటో తెలిసికొందము. ఊపిరితిత్తి మీద ఒకటి, రొమ్ము గోడ లోపల ఒకటి, రెండు పలుచని పొరలు గలవు. వాటి నడుమకు గాలి చొరబడినచో ఊపిరితిత్తి ముడుచుకొనును. ఉన్నట్టుండి రొమ్ములో ఒకవైపు పోటు, ఆయాసము కలుగును. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో దీనికి కారణములను దూరముగా వెదకనక్కరలేదు. తాటిచెట్టు మీదినుండి పడిన గీత కార్మికుని ప్రక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకొనవచ్చును. హైదరాబాదు-విజయవాడ రహదారి మీది ప్రమాదములలోను అట్లే జరుగవచ్చును. క్షయ వలన, బీడీ చుట్టల వలన ఊపిరితిత్తులు చెడినవారికి, రాతిపొడిలో ఏండ్ల తరబడి పనిచేసి సిలికోసిస్ తెచ్చుకొన్నవారికి ఈ ఆపద గలదు. ఏ జబ్బు లేని సన్నని, పొడుగైన యువకులకు సైతము ఒక్కొక్కప్పుడు వచ్చును.

ఒక కాలములో వైద్యులే ఊపిరితిత్తిని కావలెనని ముడిచెడివారనిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఇటలీ దేశపు వైద్యుడు కార్లో ఫోర్లనీనీ 19వ శతాబ్దపు చివరిభాగమున ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. క్షయ సోకిన ఊపిరితిత్తికి విశ్రాంతి కలుగునని తలంచి సూదితో రొమ్ములోనికి గాలి నెక్కించెడివారు. ఆ దినములలో చికిత్స యనగా ఇల్లు విడుచుటయే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనులు కలిసి స్థాపించిన శానిటోరియము వంటి చోట్ల రోగులు నెలల తరబడి ఉండెడివారు.

తరువాత మంచి మందులు వచ్చినవి. అప్పుడు మద్రాసులో ఒక గొప్ప పరిశోధన జరిగెను. 1956లో ప్రారంభమైన ఆ పనిలో 193 మంది క్షయరోగులలో కొందరిని శానిటోరియములో, కొందరిని వారి వారి ఇండ్లలో ఉంచి, ఒక సంవత్సరము ఒకే విధమైన మందులిచ్చిరి. ఇండ్లలో ఉన్నవారు పేదలు. వారివి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినను 1959లో వెలువడిన ఫలితములను చూడగా, వారు శానిటోరియము రోగులతో ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. ఇంటివారికి జబ్బు అంటుటయు అధికము కాలేదు. మందు క్రమముగా లోపలికి పోయి, కనిపెట్టుకొని ఉండు మనిషి ప్రక్కన ఉన్నచో, పేదవాని గుడిసె సైతము చికిత్సాలయమేనని ఆ పని లోకమునకు చూపెను.

ఇక మన కర్తవ్యమునకు వత్తము. గాలి కొద్దిగా ఉన్నచో వైద్యులు కనిపెట్టి చూతురు. ఎక్కువైనచో ప్రక్కటెముకల నడుమ గొట్టము పెట్టి, దాని కొనను నీటి సీసాలో ఉంచుదురు. సీసాలో బుడగలు చూచి ఇంటివారు హడలిపోవుట మేము ఆసుపత్రులలో చూచుచున్నాము. భయపడవలదు. లోపలి గాలి వెలికి వచ్చుచున్నదనుటకు ఆ బుడగలే గుర్తు. సీసా ఎల్లప్పుడు రోగి రొమ్ముకంటె క్రిందనే ఉండవలెను. అది కాలు తగిలి ఒరగకుండ, గొట్టము మెలిపడకుండ చూచుట ప్రక్కనున్నవారి పని. నొప్పికి వెరచి లోతుగా ఊపిరి తీయనివారు, దగ్గనివారు ఆలస్యముగా కోలుకొందురు. కనుక నొప్పిని దాచనీయక నర్సుకు చెప్పుడు. దగ్గు వచ్చినప్పుడు దిండును రొమ్ముకు అదిమి పట్టుకొమ్మనుడు.

ఇంటికి వచ్చిన తరువాత అసలు పరీక్ష మొదలగును. ఊపిరితిత్తి కొద్ది దినములలో విచ్చుకొన్నను భయము అంత త్వరగా విడువదు. కారణము లేకుండ ఈ జబ్బు వచ్చినవారిలో పదిమందికి సుమారు ముగ్గురికి మరల వచ్చుననియు, అది తరచు మొదటి ఏడాదిలోనేననియు వైద్యులు చెప్పుదురు. అందుచేత భార్య రాత్రులు మేల్కొని భర్త ఊపిరిని వినుచుండును. భర్త చిన్న నొప్పిని కూడ దాచును. ఇద్దరును ఒకరికొకరు తెలియకుండ భయపడుచుందురు. ఈ భయమును నోటితో చెప్పుకొనుటయే మొదటి మందు. పోటు గాని ఆయాసము గాని మరల వచ్చినచో, పెదవులు నీలమైనచో, తెల్లవారనిమ్మని ఆగక 108కి ఫోను చేయవలెను. ఈ సంగతి ఇద్దరికి తెలిసియున్నచో మిగిలిన రాత్రులు నిద్రపట్టును.

రెండవది, రోగిని పసిబిడ్డను చేయవలదు. వైద్యుడు సరేననువరకు బస్తాలు, నీటి బిందెలు ఎత్తనీయవలదు. విమాన ప్రయాణమును వలదు. కాని నడవనిండు. నేడు వాకిలి వరకు, రేపు వేపచెట్టు వరకు, పై వారము గుడి వరకు. బీడీ మాత్రము ఇంటిలో ఎవ్వరి చేతను ఉండరాదు. భర్త మానవలెనని భార్య ఒక్కతె పోరాడుట చాలదు. అన్నదమ్ములు, స్నేహితులు అతనియెదుట వెలిగించకుండవలెను.

ఇప్పుడు చెప్పబోవు మాట కొందరికి కటువుగా ఉండవచ్చును. భర్త పడిపోయినప్పుడు భార్య సేవ చేయుట మన ఊళ్లలో అడుగకయే జరుగుచున్నది. భార్య పడిపోయినప్పుడు ఏమి జరుగుచున్నది? ఊపిరితిత్తుల జబ్బు అనగానే క్షయ అని గుసగుసలు. “కొన్నాళ్లు తల్లిగారింట ఉండనీ” అని పంపుటయు, ఆ కొన్నాళ్లు ఏండ్లగుటయు మేమెరుగుదుము. ఊపిరితిత్తి ముడుచుకొనుట అంటు కాదు. ఒకవేళ దానికి కారణము క్షయయే అయినను, మందులు క్రమముగా వాడినచో అంటించు గుణము కొద్ది వారములలో చాలవరకు తగ్గును. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా దొరకును. పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ప్రభుత్వమిచ్చుచున్నది. మంచికి చెడుకు తోడుందునని సంఘమునెదుట మాట ఇచ్చిన భర్త, ఆమె కోలుకొనువరకు కట్టెల పొయ్యి పొగయెదుట తానే కూర్చుండవలెను. బిందె తానే ఎత్తవలెను. జొన్నరొట్టె వంకరగా వచ్చినను ఎవరును నవ్వరాదు.

చివరిగా సంఘమునకు ఒక మనవి. రోగిని అడుగుటకు పదిమంది వత్తురు గాని, ప్రక్కన కూర్చున్నవారు తిన్నారా, నిద్రపోయినారా అని అడుగువారు అరుదు. కూలి పోయిన ఇంటిలో దినదినమును గండమే. స్త్రీల మైత్రిలోని తల్లులు వంతుగా ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండవచ్చును. యువజనులు ఆ ఇంటి పత్తి ఏరి పెట్టవచ్చును. ఎక్స్‌రే దినమున ఒకరు తోడుగా పోవచ్చును. పరామర్శకు పోయినవారు చచ్చినవారి కథలు చెప్పక, పది నిమిషములు కూర్చుండి లేచి రావలెను.

ఈ వారము మీ వీధిలో అటువంటి ఇల్లు ఏదైన ఉన్నదేమో చూడుడు. రోగిని పలుకరించిన తరువాత, ప్రక్కనున్నవారిని ఒక పూట పడుకొనుమని చెప్పి ఆ పీట మీద మీరు కూర్చుండుడు.