కరాటే క్లాసులో మన సెక్షనువాళ్ళు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు, షుగరు గురించి డాక్టరుగారు చెప్పేశారు. ఇక భోజనాలకు ముందు మిమ్మల్ని కాసేపు నవ్వించమని నన్ను నిలబెట్టారు. ఆకలిమీద ఉన్నవాళ్ళను నవ్వించడం కష్టమే. అయినా ప్రయత్నిస్తాను.

మా మనవడు బుజ్జిగాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. రెండేళ్ళ కిందట వాణ్ణి కరాటేలో చేర్పించారు. కాకినాడలో మా వీధి చివర కల్యాణ మండపం మేడమీద సాయంత్రం అయిదున్నరకు క్లాసు. ముహూర్తాలున్న రోజుల్లో సెలవు. వాణ్ణి దిగబెట్టి, మళ్ళీ తీసుకొచ్చే డ్యూటీ నాది. పిట్టగోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి. చూడగా చూడగా తేలిందేమిటంటే, అక్కడున్నవాళ్ళంతా నాకు ముప్ఫయి మూడేళ్ళ సర్వీసులో తెలిసినవాళ్ళే. మన సెక్షనువాళ్ళే పొట్టివాళ్ళయిపోయి తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు.

మొదటివాడు ఇంక్రిమెంట్ల రాయుడు. చేరిన వారానికే "సార్, పసుపు బెల్టు ఎప్పుడు?" అంటాడు. అది నడుముకు కట్టుకుంటూనే తర్వాతి రంగు సంగతి అడుగుతాడు. పక్కవాడికి ముందు వచ్చిందా, సీనియారిటీ లిస్టు మీద అభ్యంతరం వాళ్ళ నాన్నగారు మర్నాడే తెచ్చి దాఖలు చేస్తారు.

రెండోవాడు మెడికల్ లీవు మనిషి. ఆటలప్పుడు లేడిపిల్ల. మాస్టారు "పుషప్స్ ఇరవై" అనగానే మోకాలు పట్టుకుంటాడు. ఒకరోజు కుడిది, ఒకరోజు ఎడమది. ఏ రోజు ఏదో రాసిపెట్టుకోడు కనుక దొరికిపోతాడు.

మూడోవాడు సినిమా హీరో. బ్రూస్ లీ పోయింది 1973లో. 'ఎంటర్ ది డ్రాగన్' వచ్చిందీ ఆ ఏడే. ఆ సినిమా మన ఊళ్ళకు వచ్చాక, పెరట్లో మామిడిచెట్టును తన్ని కాలు వాచి, కాలేజీకి కుంటుతూ వెళ్ళినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను. ఆ వంశం అంతరించలేదు. ఈ హీరో దెబ్బకన్నా ముందు కేక వేస్తాడు. కేక కింద వంటశాల దాకా వినిపిస్తుంది. దెబ్బ దోమకు కూడా తగలదు.

నాలుగోవాడు ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు. మాస్టారు మంచినీళ్ళకు వెళితే చాలు, ముందుకొచ్చి అందరి మోచేతులూ సరిచేస్తాడు. తన మోచెయ్యి ఎక్కడుందో తనకు తెలియదు.

అయిదో ఆవిడ రూల్సు పుస్తకం. ఎదుట శత్రువున్నట్టు ఊహించుకుని వరసగా వేసే అడుగుల పాఠాన్ని 'కతా' అంటారు. మొదట్లో నేర్పే 'హేయాన్ షోదాన్' అనే కతాలో 21 కదలికలుంటాయి. అన్నీ ఆ అమ్మాయికి కంఠతా. నిజంగా మనిషి ఎదురుగా నిలబడి చెయ్యెత్తితే మాత్రం, "ఇది పాఠంలో లేదు సార్" అంటుంది.

ఆరో రకం మా బుజ్జిగాడు. కళ్ళు మూసుకునే రకం. ఎవరు చెయ్యెత్తినా వాడి రెప్పలు టక్కున వాలిపోయేవి.

ఇక ఏడో రకం. ఇది వరసలో ఉండదు. పిట్టగోడ పక్కన కుర్చీలో ఉంటుంది. "కళ్ళు తెరవరా! వెనక్కి జరక్కు! కొట్టు!" అని అరుస్తూ ఉంటుంది. వయసు అరవై దాటింది. పెన్షను వస్తుంది. మీరు గుర్తుపట్టే ఉంటారు.

మొదటి బెల్టు పరీక్షలో వాడు తప్పాడు. దారిపొడవునా చీవాట్లు పెట్టాను. గేటు దగ్గర వాడు నా చెయ్యి విడిపించుకుని, "తాతయ్యా, రేపట్నించి నువ్వు రావద్దు. వాళ్ళు కొడతారని కాదు, నువ్వు అరుస్తావని నాకు భయం" అన్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఈ మాటే ముప్ఫయ్యేళ్ళ కిందట వాళ్ళ నాన్న అనాలనుకుని అనలేకపోయాడేమో అనిపించింది. సైకిలు నేర్పినా, లెక్కలు నేర్పినా నాకు తెలిసిన పద్ధతి ఒకటే. గొంతు పెంచడం.

మర్నాడు మాస్టారితో ఇక రానని చెప్పబోయాను. ఆయన నా కొడుకుకంటే చిన్నవాడు. "రండి సార్. కుర్చీలో వద్దు, వెనక వరసలో నిలబడండి" అన్నాడు. డాక్టరుగారి చేత సరేననిపించుకుని నిలబడ్డాను. మోకాళ్ళు వంచి నిమిషం ఉండేసరికి తొడలు వణికాయి. ఎదురుగా పదేళ్ళ పిల్ల విసిరిన పిడికిలి నా ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. అధ్యక్షా, నా కళ్ళు మూసుకుపోయాయి.

బుజ్జిగాడు చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా, "చేతికేసి చూడకు తాతయ్యా, భుజం చూడు. నాకూ మాస్టారు అదే చెప్పారు" అన్నాడు. అరవకుండా కూడా నేర్పవచ్చునని నాకు ఆరోజే తెలిసింది.

1922లో ఒకినావా దీవినుంచి వచ్చి టోక్యోలో కరాటేను ప్రదర్శించిన గిచిన్ ఫునకోషిగారు బడిపంతులు. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. అక్కడే ఉండిపోయి, విద్యార్థుల హాస్టల్లో చిన్న గదిలో కాపురముండి, ఆవరణ తానే ఊడ్చుకుంటూ పాఠాలు చెప్పారు. అంతటి గురువు చీపురు పట్టగా లేనిది, నేను వెనక వరసలో నిలబడితే తప్పేముంది?

తర్వాతి పరీక్షలో బుజ్జిగాడికి పసుపు బెల్టు వచ్చింది. కళ్ళు ఇప్పటికీ మూస్తాడు, కానీ వెంటనే తెరుస్తాడు. నాది తెల్లబెల్టే. స్టాగ్నేషన్ ఇంక్రిమెంటు కూడా లేదు.

మిత్రులారా, మనం రిటైరయ్యాం గాని, మన గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది. దానికీ ఒక రిలీవింగ్ ఆర్డరు ఇచ్చేద్దామని నా మనవి.

మొన్న మా అబ్బాయి సెలవుపెట్టి క్లాసు చూడడానికి వచ్చాడు. అదే కుర్చీలో కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, "కళ్ళు తెరవరా!" అని కేకేశాడు. నేనూ బుజ్జిగాడూ ఒక్కసారే ఉలిక్కిపడి వెనక్కి తిరిగాం. నేనేమీ అనలేదు. పక్కన ఖాళీ చూపించి వరసలోకి రమ్మని సైగ చేశాను.

వడ్డన మొదలైందట. సెలవు.